పాలగ్లాసు పడని బిడ్డలకు

హనుమకొండ

బిడ్డలారా,

పొద్దున పాలు తాగి బడికి పోయి, ప్రార్థన అయ్యేసరికి కడుపు పట్టుకునేటోళ్లు మీలో ఉన్నరని నాకు తెలుసు. చిన్నప్పుడు నాదీ అదే తిప్పల. మా అవ్వ సాకులు చెప్తున్ననని కోపం చేసేది. పాపం, సంగతేందో ఆమెకు చెప్పినోళ్లు లేరు.

పాలల్ల లాక్టోజ్ అనే చక్కెర ఉంటది. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము చిన్నపేగులో తయారవుతది. తల్లిపాలు తాగే వయసుల అది దండిగా ఉండి, పెరిగినకొద్దీ చాలామందిలో తగ్గుతది. అరగని చక్కెర పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా పులియబెడతయి. గాలి పుడతది, నీళ్లు చేరతయి. ఆ గుడగుడ, ఉబ్బరం, విరేచనాలు అందుకే. మీరు మొండికేస్తున్నట్టు కాదు.

అట్లని పాడి మొత్తం మానకుండ్రి. 200 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 10 గ్రాముల లాక్టోజ్ ఉంటది. తిన్నంక, కొద్దికొద్దిగా తాగితే చాలామంది ఆ మాత్రం తట్టుకుంటరు. పరగడుపున గటగటా తాగితేనే ఎక్కువ బాధ.

పెరుగు ముచ్చట వేరు. నేను కాగిన పాలను వేలికి గోరువెచ్చగా తగిలేదాకా ఆరనిచ్చి, చెంచెడు పెరుగు తోడేస్త. చలికాలమైతే గిన్నెకు పాత చీరముక్క చుడత. తెల్లారి చూస్తే గడ్డ కదలదు, అంచున లేత పసుపు తేట ఊరుతది. రాత్రంతా తోడులోని బ్యాక్టీరియా లాక్టోజులో కొంత తిని పులుపు చేసినయన్నట్టు. మిగిలినదాన్ని అరిగించే ఎంజైమును కూడా అవే మన కడుపులకు మోసుకొస్తయి. నీళ్లు పోసి చిలికిన సల్ల ఇంకా తేలిక. ఎండాకాలం జొన్న గటకలో పోసుకొని, ఉల్లిగడ్డ నంజుకొని తినుండ్రి.

నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. పన్నీరులో తేటతోపాటే చాలా పోతది. కోవా దగ్గర జాగ్రత్త, పాలు ఇగిరినకొద్దీ చక్కెర చిక్కబడుతది. పాలు తగ్గిస్తే రాగిజావ, నువ్వులుండ మరువకుండ్రి, ఎముకలకు కాల్షియం కావాలె.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న. పాలు తాగంగనే దద్దుర్లు లేసినా, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా అది పాల ప్రొటీనుకు వచ్చే ఎలర్జీ. అప్పుడు పెరుగు, సల్ల కూడా ముట్టొద్దు, వెంటనే దవాఖానకు పోవాలె.

ఈ ఉత్తరం ఇంట్ల చదివి వినిపించి, రేపటి సద్దిల పెరుగన్నం పెట్టమని అడుగుండ్రి.

మీ అమ్మమ్మ