ప్రాణం తీసిన బండికి ధర కట్టిన చట్టం: డియోడాండ్‌పై అపోహలు – వాస్తవాలు

బండి చక్రం కింద నలిగో, గుర్రం తన్నో, పడవలోంచి జారిపడో మనిషి చనిపోతే, ఆ చావుకు కారణమైన వస్తువు రాజుకు చెందుతుంది. ఇంగ్లండ్‌లో దాదాపు ఆరు వందల ఏళ్లు నడిచిన నియమమిది. పేరు డియోడాండ్. 'దేవుడికి ఇవ్వవలసినది' అనే అర్థమున్న లాటిన్ మాటల నుంచి వచ్చింది. 1846 సెప్టెంబరు 1 నుంచి రద్దయింది. టార్ట్స్ (సివిల్ తప్పులకు పరిహారం చెప్పే చట్టం) పాఠంలో దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తుంటారు, బయట వింత చట్టాల జాబితాలో చేర్చేస్తుంటారు. రెండు చోట్లా అసలు సంగతి మరుగునపడిపోతోంది. వస్తువుకు ధర ఎవరు కట్టారు, ఎంత కట్టారు, ఆ డబ్బు ఎవరి చేతికి పోయింది? ఈ మూడూ పట్టుకుంటేనే డియోడాండ్ అర్థమవుతుంది.

అపోహ: వస్తువుకో జంతువుకో విచారణ జరిపి శిక్ష వేసేవారు

మనిషిని పొడిచి చంపిన ఎద్దును రాళ్లతో కొట్టి చంపాలి, దాని మాంసం తినకూడదు అని బైబిల్ నిర్గమకాండము 21వ అధ్యాయం 28వ వచనం చెబుతుంది. ఫ్రాన్స్‌లోని ఫలేజ్‌లో 1386లో ఒక ఆడపందికి మరణశిక్షే అమలు చేశారు. ఈ రెండింటినీ డియోడాండ్‌తో కలిపి చెప్పేయడం చాలామందికి అలవాటు. ఇంగ్లండ్‌లో జరిగింది వేరు. అక్కడ గుర్రాన్ని బోనులో నిలబెట్టలేదు, బండిని తగలబెట్టలేదు. జ్యూరీ రెండు సంగతులు తేల్చేది: చావుకు కారణమైన వస్తువేది, దాని ధరెంత. మామూలుగా యజమాని ఆ ధర చెల్లించి వస్తువును తనదగ్గరే ఉంచుకునేవాడు. పేరుకు జప్తు, ఆచరణలో ఒక మొత్తం కట్టించుకోవడం.

అపోహ: రాజభటులు వచ్చి వస్తువును ఎత్తుకుపోయేవారు

పాత రికార్డులు చదివేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అందుకే వరుసగా చూద్దాం.

శవాన్ని మొదట చూసినవాడు కేకలేసి ఊరిని పిలవాలి. కరోనర్, అంటే హఠాన్మరణాలను విచారించే రాజు అధికారి, వచ్చేదాకా పూడ్చకూడదు. తొందరపడి పూడిస్తే ఊరి మీద జరిమానా. కరోనర్ పదవి 1194లో ఏర్పడింది. రాజుకు రావలసిన ఆదాయం ఎక్కడా జారిపోకుండా రాసి ఉంచడం ఆ పదవి ముఖ్యమైన పనుల్లో ఒకటి. చావుకు కారణం వెతకడం ఎంత అవసరమో, ఆ చావు వల్ల ఖజానాకు ఏం రావాలో రాయడమూ అంతే అవసరం.

కరోనర్ ఆ ఊరివాళ్లనూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లనూ పిలిపించి జ్యూరీని కూర్చోబెడతాడు. శవం కళ్లెదుట ఉండాలి. శవాన్ని చూడకుండా జరిపిన విచారణ చెల్లదు. గాయాల పొడవు, వెడల్పు, లోతు చూస్తారు. ఆ తర్వాత వస్తువు సంగతి: ఏది కదిలి ప్రాణం తీసింది, ఎంత చేస్తుంది, ఇప్పుడు ఎవరి దగ్గరుంది. ఇవన్నీ తోలు చుట్టల మీద రాసుకుంటాడు. 1276 నాటి కరోనర్ల విధుల శాసనం దీన్ని స్పష్టంగా చెప్పింది: గుర్రాలు, పడవలు, బండ్లలాంటివి మనిషిని చంపితే వాటికి ధర కట్టి ఊరికి అప్పగించాలి.

ఊరికి అప్పగించాలన్న మాట దగ్గర ఆగాలి. వస్తువు గానీ దాని ధర గానీ ఊరి పూచీ మీద ఉంటుంది. రాజు తరఫున తిరిగే న్యాయమూర్తులు ఆ జిల్లాకు ఎప్పుడో కొన్నేళ్లకు వస్తారు. వచ్చినప్పుడు కరోనర్ చుట్టలు విప్పి, ఫలానా బండికి ఇంత ధర రాసి ఉంది, ఆ సొమ్మేదీ అని అడుగుతారు. ఊరు జవాబు చెప్పాలి. యజమాని ఈలోగా చనిపోయినా, ఊరు విడిచిపోయినా, గుర్రం ముసలిదై కూలిపోయినా లెక్క మాత్రం అలాగే ఉంటుంది. ధర తక్కువ చేసి కట్టారని తేలితే దానికి విడిగా జరిమానా. ఒక బండి ప్రమాదం చేస్తే భారం ఊరంతటిదీ అయ్యేది.

మన శవ పంచనామా చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. పంచాయతీదార్లు కూర్చుంటారు, గాయాలు రాయిస్తారు, కారణంపై తమ అభిప్రాయం చెబుతారు, సంతకాలు పెడతారు. చావుకు కారణమైన వస్తువు ఖరీదు ఎంతని మాత్రం మన పంచనామా అడగదు.

అపోహ: ప్రమాదంలో ఉన్న వస్తువు మొత్తం పోయేది

కదులుతోందా, ఆగి ఉందా? లెక్కంతా దీని మీదే. ఆగి ఉన్న బండి చక్రం మీదికెక్కి జారిపడి చనిపోతే ఆ చక్రం ఒక్కటే డియోడాండ్. బండి నడుస్తూ ఉండగా చక్రం మనిషి మీదుగా పోతే చక్రంతో ఆగదు. బండీ, లాగుతున్న గుర్రాలూ, పైనున్న సరుకూ అన్నీ లెక్కలోకి వస్తాయి. ఎందుకంటే సరుకు బరువే చక్రాన్ని ఇంకా గట్టిగా అదిమింది. ప్రాణం తీయడానికి ఏదేది కదిలి తోడ్పడిందో అదంతా దేవుడిది అన్నది 13వ శతాబ్దం నుంచీ ఉన్న సూత్రం. ఒకే చక్రం, ఒకే చావు. బండి కదిలిందా లేదా అన్న ఒక్క మాట మీద ధర చక్రం నుంచి బండెడు సరుకుకు మారిపోతుంది. కరోనర్ చుట్టల్లో 'కదులుతున్న' అన్న మాటను వర్ణన అనుకుని దాటేయకండి, డబ్బు లెక్క దాని మీదే నడిచింది.

నేలకు, కట్టడానికి బిగించి ఉన్నవి డియోడాండ్ కిందికి రావు. గోపురంలో వేలాడుతున్న గంట, మరలో బిగించిన చక్రం ఊడదీస్తే తప్ప స్థిరాస్తిలో భాగమే. సముద్రం మీద జరిగిన చావులకు ఇది వర్తించదు, అక్కడ కామన్ లా (ఇంగ్లండ్ రాజ కోర్టుల తీర్పులతో పెరిగిన చట్టం) అధికారం లేదు. నది నీళ్లలో పడవ మీంచి పడితే మాత్రం పడవ లెక్కలోకి రావచ్చు. దెబ్బ తగిలిన రోజు నుంచి ఏడాది ఒక రోజు లోపల మనిషి చనిపోవాలి. ఈ ఏడాది–ఒక రోజు నియమం హత్య కేసుల్లోనూ ఉండేది, ఇంగ్లండ్‌లో 1996 దాకా బతికింది.

పిల్లల విషయంలో మరో మినహాయింపు. ఆగి ఉన్న బండి మీంచో గుర్రం మీంచో చిన్నపిల్ల పడి చనిపోతే డియోడాండ్ లేదు. గుర్రం తానుగా తన్ని చంపితే ఉంది. దీనికి 18వ శతాబ్దంలో ఇంగ్లిష్ న్యాయ పండితుడు బ్లాక్‌స్టన్ చెప్పిన కారణం ఇది: మొదట్లో ఈ సొమ్ము హఠాత్తుగా పోయినవాడి ఆత్మశాంతి ప్రార్థనలకు వెళ్లేది, పాపం ఎరుగని పిల్లకు ఆ ప్రాయశ్చిత్తం అక్కర్లేదు.

అపోహ: యజమాని తప్పు ఉంటేనే జప్తు

లేదు. నా కత్తి ఇంకొకడు తీసుకెళ్లి మరొకణ్ణి పొడిస్తే పోయేది నా కత్తే. నాకు తెలుసా తెలియదా అన్న ప్రశ్నే రాదు. దోషికి పడే ఆస్తి జప్తు వేరే చట్టం. నేరస్థుడి ఆస్తి పోయే ఆ పద్ధతి 1870లో రద్దయింది. ఈ రెండింటినీ కలిపితే పాత కేసులన్నీ తారుమారవుతాయి.

దీనికి తోక లాంటి సంగతి ఒకటుంది. పాత హత్యాభియోగాల్లో 'ఆరు పెన్నీల విలువగల చాకు' అని కనిపిస్తుంది. సాక్ష్యం కోసమో, నేర తీవ్రత చూపడానికో అలా రాశారనుకుంటారు. రాజు గానీ, రాజు నుంచి హక్కు పొందినవాడు గానీ ఆ చాకు ధర అడగడానికి వీలుగా రాసింది అది. షిల్లింగ్‌కు 12 పెన్నీలు, పౌండ్‌కు 20 షిల్లింగులు. ఈ లెక్క దగ్గర పెట్టుకుని చదివితే ఆ రికార్డులు వేరుగా కనిపిస్తాయి.

అపోహ: డబ్బు చర్చికో, చనిపోయినవాడి కుటుంబానికో వెళ్లేది

పేరులో దేవుడున్నాడు. సొమ్ము ధర్మకార్యాలకు పోవాలన్నది మాట. ఆచరణలో అది రాజాదాయంలో ఒక పద్దు. రాజులు ఈ హక్కును జమీందార్ల లాంటి ప్రభువులకూ, కొన్ని పట్టణాలకూ రాసిచ్చేశారు కూడా. ఆ తర్వాత వాళ్ల హద్దుల్లో ఎవరు చనిపోయినా డియోడాండ్ వాళ్లదే. భర్త పోయిన భార్యకు, తండ్రి పోయిన పిల్లలకు ఒక్క పెన్నీ అడిగే హక్కు లేదు. ఈ చట్టంలో మనసుకు పట్టేది ఇదే. చావుకు కారణమైన గుర్రానికి ధర కట్టారు. పోయిన మనిషి సంపాదన ఎంతని ఎవరూ అడగలేదు.

అపోహ: మధ్యయుగాల తర్వాత అది పేరుకే మిగిలింది

18వ శతాబ్దం వరకూ అయితే ఆ మాటలో కొంత నిజముంది. జ్యూరీలకు ఈ చట్టం నచ్చలేదు. చట్టాన్ని కాదనలేరు కాబట్టి ధర మీద చెయ్యి వేశారు. బండి మొత్తం పోవలసిన చోట చిన్న భాగం పేరు రాశారు, ధర కొద్దిపాటి చిల్లరగా తేల్చారు. హక్కున్న ప్రభువులు కోర్టుకెక్కినా కింగ్స్ బెంచ్ అనే పైకోర్టు వాళ్ల తరఫున కలగజేసుకోలేదు.

రైళ్లు వచ్చాక అదే జ్యూరీ అదే అధికారాన్ని తిప్పి పట్టింది. 1841 డిసెంబరు 24 తెల్లవారకముందు గ్రేట్ వెస్టర్న్ రైలు లండన్ నుంచి బ్రిస్టల్ వైపు బయలుదేరింది. ఇంజను పేరు హెక్లా. ఇంజను వెనక బొగ్గుపెట్టె, దాని వెనక రెండు మూడో తరగతి పెట్టెలు, వాటి వెనక బరువైన సరుకు పెట్టెలు. మూడో తరగతికి పైకప్పు లేదు, పక్క పలకలు పొట్టివి. అందులో లండన్‌లో కొత్త పార్లమెంటు భవనం కడుతున్న తాపీ పనివాళ్లు క్రిస్మస్‌కు ఇళ్లకు వెళుతున్నారు. రెడింగ్ దగ్గర సోనింగ్‌లో, పట్టాల కోసం నేలను లోతుగా తవ్విన దారిలో, వానకు నాని గట్టు జారి పట్టాల మీద పడి ఉంది. ఇంజను మట్టిలో దిగబడి ఆగింది. వెనకున్న సరుకు పెట్టెలు ఆగలేదు. మధ్యలో మనుషులు నలిగిపోయారు. ఎనిమిది మంది అక్కడే చనిపోయారు, ఒకరు ఆసుపత్రిలో.

జ్యూరీ తీర్పు ప్రమాదవశాత్తూ మరణమే. కానీ ఇంజను, పెట్టెల మీద 1,000 పౌండ్ల డియోడాండ్ వేసింది. పనివాళ్లను సరుకుకూ ఇంజనుకూ మధ్య కూర్చోబెట్టినందుకు జ్యూరీ చేతిలో ఉన్న ఏకైక ఆయుధం అది. తర్వాత ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ కంపెనీ తప్పు లేదన్నాడు, డియోడాండ్‌ను సాంకేతిక లోపాల మీద కొట్టేశారు. అప్పట్లో పెద్ద డియోడాండ్‌లకు తరచూ వచ్చిన చిక్కే ఇది: విచారణ పత్రంలో ఒక్క మాట తేడా వచ్చినా పైకోర్టులో నిలబడదు, కంపెనీకి లాయర్లున్నారు. అయినా ఆ చావులు వృథా పోలేదు. 1844 రైల్వే చట్టం మూడో తరగతి ప్రయాణికులకు కప్పున్న పెట్టెలు, మైలుకు పెన్నీ చార్జీతో రోజుకు కనీసం ఒక రైలు తప్పనిసరి చేసింది.

అపోహ: మూఢనమ్మకం అని తెలిసి రద్దు చేశారు

మూఢనమ్మకం అన్నవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. రద్దు జరిగింది మాత్రం రైలు కంపెనీల మీద వేల పౌండ్లు పడటం మొదలయ్యాక. దాన్ని ఒంటరిగా రద్దు చేయలేకపోవడానికి కారణం 1808 నాటి బేకర్–బోల్టన్ కేసు. కోచ్ బోల్తాపడి ఒకతని భార్య దెబ్బలతో నెల రోజులకు చనిపోయింది. మనిషి మరణాన్ని సివిల్ కోర్టులో నష్టంగా చూపి దావా వేయడం కుదరదని ఎలెన్‌బరో ప్రభువు తీర్పు చెప్పాడు. అంటే గాయపరిస్తే పరిహారం ఇవ్వాలి, చంపేస్తే అక్కర్లేదు. ఇలాంటి చోట డియోడాండ్ కూడా తీసేస్తే కంపెనీకి అడ్డే ఉండదు. అందుకే 1846 ఆగస్టులో రెండు చట్టాలు జంటగా వచ్చాయి. ఒకటి డియోడాండ్‌ను తీసేసింది. రెండోది, లార్డ్ క్యాంప్‌బెల్ చట్టంగా పేరుపడ్డది, భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల తరఫున దావా వేసే హక్కిచ్చింది. గడువు మరణం నుంచి 12 నెలలు.

కుటుంబానికి మేలు జరిగింది, నిజమే. కానీ ఒక మెలిక కూడా పడింది. డియోడాండ్‌కు తప్పు నిరూపణ అక్కర్లేదు. కొత్త చట్టంలో అవతలివాడి నిర్లక్ష్యాన్ని కుటుంబమే నిరూపించుకోవాలి. 1852లో బ్లేక్ కేసులో కోర్టు ఇంకో గీత గీసింది: పోయిన సంపాదనకే పరిహారం, దుఃఖానికి లేదు.

అపోహ: మన పోలీస్ స్టేషన్ ముందు తుప్పుపట్టే బండ్లు డియోడాండ్ వారసత్వమే

యాక్సిడెంట్ బండిని పోలీసులు సీజ్ చేసేది సాక్ష్యం కోసం. బీఎన్ఎస్ఎస్ (ఇప్పటి క్రిమినల్ విచారణ పద్ధతుల చట్టం) 106వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకుంటారు, 497, 503 సెక్షన్ల కింద కోర్టు యజమానికి తాత్కాలికంగా అప్పగించవచ్చు. యాజమాన్యం ఎక్కడికీ పోదు. బండి విడుదలైందని కుటుంబం హడలిపోనక్కర్లేదు, పరిహారం కేసు దాని మీద ఆధారపడదు. గంజాయి రవాణాలో దొరికిన వాహనం జప్తు వేరే దారి. అక్కడ మత్తుమందుల నిరోధానికి తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం 60వ సెక్షన్ ప్రకారం, తనకు తెలియదనీ తగిన జాగ్రత్తలు తీసుకున్నాననీ యజమాని నిరూపిస్తే వాహనం జప్తు కాదు. డియోడాండ్‌లో ఆ వాదనకు చోటే లేదు.

మనకు నిజంగా వచ్చిన వారసత్వం రెండో చట్టం నుంచి. లార్డ్ క్యాంప్‌బెల్ చట్టం నమూనాలో ఇక్కడ 1855లో ఫాటల్ యాక్సిడెంట్స్ చట్టం వచ్చింది, ఇప్పటికీ అమల్లో ఉంది. రోడ్డు ప్రమాదాలకు మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్తాం. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 164వ సెక్షన్ కింద, వాహనం వల్ల మరణం జరిగితే డ్రైవర్ తప్పు నిరూపించకుండానే 5 లక్షల రూపాయలు వస్తాయి. అది కట్టేది యజమాని లేదా బీమా కంపెనీ, అందుకునేది చనిపోయినవాడి వారసులు.