జాజ్ అభిమానుల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నై వడపళనిలో పియానో నేర్పుతాను. ముఖ్యంగా జాజ్, అంటే అమెరికా నల్లజాతివాళ్ళ నుంచి పుట్టిన, అప్పటికప్పుడు కల్పించి వాయించే సంగీతం. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది తెలుగువాళ్ళు. సినిమా పనుల మీద ఎప్పుడో వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. పిల్లల్ని చేర్చే ముందు పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలు ఏళ్ళ తరబడి వింటున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: జాజ్ డబ్బున్నవాళ్ళ సరదా. పెద్దవాళ్ళు హోదా కోసం వింటామని చెప్పుకుంటారు.

వాస్తవం: ఈ మాట ఎవరన్నా నాకు పానోనికా డి కోనిగ్స్‌వార్టర్ గుర్తుకొస్తుంది. రాత్స్‌చైల్డ్ బ్యాంకర్ల కుటుంబంలో పుట్టిన ఆడపిల్ల. జాజ్ కోసం న్యూయార్క్ వచ్చి స్థిరపడింది. 1955లో శాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ ఆమె హోటల్ గదుల్లోనే చనిపోయాడు. నల్లజాతి కళాకారుడు, తెల్లజాతి ధనికురాలి గది! పత్రికలు దుమ్మెత్తిపోశాయి, హోటల్ వాళ్ళు ఖాళీ చేయమన్నారు. 1958లో డెలావేర్‌లో పియానిస్ట్ థెలోనియస్ మంక్‌తో కారులో వెళ్తుంటే పోలీసులు ఆపారు, గంజాయి దొరికింది. అది నాదేనని నేరం తన మీద వేసుకుంది. మూడేళ్ళ జైలుశిక్ష పడింది, అప్పీల్లో గానీ బయటపడలేదు. మంక్ 1982లో చనిపోయేదాకా, చివరి సంవత్సరాలన్నీ ఆమె ఇంట్లోనే ఉన్నాడు. హోదా కోసం వినేవాళ్ళు హోదాని ఇలా పణంగా పెట్టరు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం అంతా ఇంతా కాదు.

అపోహ: జాజ్ పిచ్చి పడితే చదువు, ఉద్యోగం అటకెక్కుతాయి.

వాస్తవం: తండ్రులకి ఈ టెన్షన్ ఎక్కువ. వాళ్ళకి అలన్ గ్రీన్‌స్పాన్ పేరు చెబుతాను. కుర్రతనంలో డ్యాన్స్ బ్యాండ్‌లో శాక్సఫోన్, క్లారినెట్ వాయించాడు. తోటి వాయిద్యకారుల పన్ను లెక్కలు కూడా ఆయనే చూసేవాడు. తర్వాత 1987 నుంచి 2006 దాకా అమెరికా కేంద్ర బ్యాంకుకి ఛైర్మన్. జపాన్ నవలా రచయిత హరుకి మురకామి 1974లో భార్యతో కలిసి టోక్యోలో జాజ్ కెఫే పెట్టి ఏడేళ్ళు నడిపాడు. ఆ రోజుల్లోనే, రోజూ కెఫే కట్టేసి వచ్చాక, రాత్రిళ్ళు వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొదటి నవల రాశాడు.

ఇక కరీమ్ అబ్దుల్ జబ్బార్. బాస్కెట్‌బాల్ చరిత్రలో మహా ఆటగాడు. 1983 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లో ఆయన ఇల్లు కాలిపోయింది. మూడు వేల దాకా జాజ్ రికార్డులు బూడిదయ్యాయి. ఆ సంగతి తెలిసి ఆట చూడటానికి వచ్చిన అభిమానులు ఆయనకి రికార్డులు తెచ్చి ఇచ్చారు. ఆయన్ని ఇష్టపడేవాళ్ళకి ఆయనకేది ఇష్టమో అంత బాగా తెలుసు.

జాజ్ వింటే ఛైర్మన్ అవుతారని నేననను. జాజ్ వింటూ కూడా మనిషి తన పనిలో పైకి రాగలడు, అంతే.

అపోహ: అభిమాని అంటే అన్నీ నచ్చాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఇంగ్లిష్ కవి ఫిలిప్ లార్కిన్ 1961 నుంచి పదేళ్ళు పత్రికలో జాజ్ సమీక్షలు రాశాడు. పాత తరం ట్రంపెట్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంటే ప్రాణం, కొత్త బాణీ శాక్సఫోన్ కళాకారులు పార్కర్, జాన్ కోల్ట్రేన్ అంటే గిట్టదు. పార్కర్ విషయంలో నేను ఆయనతో ఒప్పుకోను. అయినా విని కాదన్నాడు, వినకుండా కాదు.

అపోహ: జాజ్‌లో ఎవరికి తోచింది వాళ్ళు వాయిస్తారు. అందులో వినడానికి ఏముంది?

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. లెక్క తెలియకపోతే వినిపించేది గోలే. ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘సో వాట్’ తీసుకోండి. బార్ అంటే తాళం లెక్కలో ఒక చిన్న గడి. ఒక చుట్టు 32 బార్లు, బార్‌కి నాలుగు బీట్లు (దెబ్బలు). మొదటి 16 బార్లు ఒక స్కేల్, అంటే ఒక స్వరాల వరుస. తర్వాతి 8 బార్లకి అంతా ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది, దీన్నే బ్రిడ్జి అంటాం. చివరి 8 బార్లకి మళ్ళీ కిందికి దిగుతుంది. సోలో, అంటే ఒక్కరే ముందుకొచ్చి కల్పించి వాయించే భాగం, ఎవరిదైనా ఈ చుట్టు ఆగదు. కర్ణాటక సంగీతంలో కల్పనస్వరం (అప్పటికప్పుడు కల్పించే స్వరాలు) పాడేవాళ్ళకి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఎలాగో ఇదీ అలాగే. క్లాసులో పిల్లల్ని చేత్తో లెక్కపెట్టమంటాను. దాదాపు అందరూ ఒకేచోట తప్పిపోతారు. ఒక చుట్టు చివరి 8, తర్వాతి చుట్టు మొదటి 16 కలిసి 24 బార్లు ఒకే స్కేల్‌లో నడుస్తాయి. చుట్టు ఎక్కడ మారిందో పట్టుకోవడానికి చెవికి ఆసరా దొరకదు. డ్రమ్స్, బేస్ వింటూ పోతే పట్టు దొరుకుతుంది. మైల్స్ సోలో సరిగ్గా రెండు చుట్లు. బ్రిడ్జి రెండుసార్లూ పట్టుకున్న పిల్లాడి ముఖం చూసి తీరాలి!

థాయ్‌లాండ్ రాజు భూమిబోల్ శాక్సఫోన్ వాయించేవాడు. 1960లో అమెరికా వెళ్ళినప్పుడు క్లారినెట్ కళాకారుడు బెన్నీ గుడ్‌మన్ లాంటి దిగ్గజంతో కలిసి వాయించాడు. రాజుగారు కదా అని బార్లు ఆగి ఎదురుచూడవు. ఆయన లెక్క నేర్చుకునే అక్కడ నిలబడ్డాడు.

అపోహ: మనకీ జాజ్‌కీ సంబంధం లేదు.

వాస్తవం: జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ మన సంగీతం మీద మనసు పడి 1970లలో ‘శక్తి’ బృందం పెట్టినప్పుడు, అందులో ఘటం మన విక్కు వినాయక్‌రామ్‌దే. పాలకొల్లులో పుట్టి చెన్నైలో స్థిరపడ్డ మాండలిన్ శ్రీనివాస్ గారు 14 ఏళ్ళకే, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. అక్కడ వాయించింది కర్ణాటక సంగీతమే. తర్వాత ‘రిమెంబర్ శక్తి’లో మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించారు. జాజ్ కొత్తగా వినాలనుకునే తెలుగువాళ్ళకి ముందు ఆ కచేరీ రికార్డులు వినమంటాను. ఒకరు వాయించిన ముక్కని రెండోవాళ్ళు అందుకుని మార్చి తిరిగివ్వడం అందులో స్పష్టంగా వినిపిస్తుంది. ఆ తర్వాత ‘సో వాట్’ పెట్టుకుని, చేత్తో లెక్క వేస్తూ వినండి.