వెనక నిలబడ్డ మేళం పక్కన కూర్చున్నప్పుడు

మార్గళి (డిసెంబర్) కచేరీల వేళకు చెన్నైలో ఆ పాత తగవు మళ్లీ రాజుకుంటుంది. విదేశీ ఉత్సవాలు మన భరతనాట్యం నుంచి గుడి, దీపం, నగలే ఎందుకు ఆశిస్తాయి? అవి తీసేసి సమకాలీన నాట్యం అంటే వలసపాలన వాసన వదిలినట్టేనా? 1838లో పారిస్ వెళ్లిన దేవదాసీల కథ చాలామంది రాశారు. నా లెక్కలో అసలు మలుపు చెన్నైలోనే, అడయారులో ఉంది.

1935 డిసెంబర్ 30న అక్కడి దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వజ్రోత్సవాల్లో రుక్మిణీదేవి ఆడారు. నేర్పింది పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై. మన నాట్యం వైపు చూడమన్నది మాత్రం రష్యన్ బ్యాలె తార అన్నా పావ్లోవా! మరుసటి ఏడాదే ఆమె నాట్య పాఠశాల కళాక్షేత్ర వెలిసింది.

అంతకుముందు సదిర్‌లో, అంటే దేవదాసీల పాత ఆటలో, నట్టువనారు (నాట్య గురువు) తాళాలతో నర్తకి వెనకే నిలబడేవాడు. మద్దెల నడుముకు కట్టుకున్నవాడు ఆమెతో ముందుకు నడిచి, ఆమెతోనే వెనక్కి జరిగేవాడు. కొత్త పద్ధతిలో మేళం ఓ పక్కన కూర్చుంది, వేదిక మీదికి నటరాజ విగ్రహం వచ్చింది. 1947 మద్రాసు చట్టమేమో దేవదాసీ అంకితంతో పాటు గుళ్లో ఆడవాళ్ల ఆటనూ నిషేధించింది. గుడిలో ఆట పోయింది, ఆటలోకి గుడి వచ్చింది.

కళను రుక్మిణీదేవే కాపాడారని కళాక్షేత్ర అభిమానులు అంటారు. అందులో నిజం లేకపోలేదు.

దేవదాసీ వంశంలో పుట్టిన బాలసరస్వతి వేరే మాట చెప్పారు. 1975లో తమిళ్ ఇసై సంఘం అధ్యక్షోపన్యాసంలో ఆమె శృంగారానికే పెద్దపీట వేశారు. భరతనాట్యంలో కొత్తగా శుద్ధి చేయాల్సింది ఏమీ లేదన్నారు. శృంగారం ఎక్కువని శుద్ధి పేరుతో వెనక్కి నెట్టిన వాటిలో మన క్షేత్రయ్య మువ్వగోపాల పదాలున్నాయి. వాటిని పాడుతూ అభినయించి నిలబెట్టింది ఆ తమిళ ఇంటి ఆడపడుచు. టీ నగర్ తెలుగు ఇళ్లలో పిల్ల ఓ క్షేత్రయ్య పదానికి అర్థం అడిగితే పెద్దలు ఇప్పటికీ మాట మారుస్తారు.

1985లో ‘అంగిక’ అనే నృత్య ప్రదర్శనతో దేవుళ్లనూ నగలనూ పక్కనపెట్టి, కేరళ యుద్ధవిద్య కళరిని తెచ్చిన నర్తకి చంద్రలేఖ పేరు ఇప్పుడు ఆ తగవులో రెండు పక్షాలూ వాడుకుంటున్నాయి. ఆమెకు నాట్యం నేర్పింది కాంచీపురం ఎల్లప్ప పిళ్లై అన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

తరతరాలుగా ఈ కళలో ఉన్న మేళం కుటుంబాల నర్తకులకు నగల చర్చతో పెద్దగా పనిలేదు. డిసెంబర్ కచేరీల పట్టికలో తమకెన్ని సాయంత్రాలని అడుగుతున్నారు.