అపోహలు - వాస్తవాలు: ఊటీ చర్చిలోకి వెళ్తే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందా?

పాలమూరు, దేవరకొండ వైపు నుంచి మైసూరు, ఊటీ టూర్లకు జనాన్ని తీసుకెళ్లే పని నాది. ఊటీలోని సెయింట్ స్టీఫెన్స్ చర్చి దగ్గర బండి ఆపితే ఇద్దరు ముగ్గురు సీట్లోంచి లేవరు. మోకాళ్ల నొప్పులంటారు. అసలు సంగతి వేరు.

అపోహ: చర్చిలోకి వెళ్లి, చూడటానికి వచ్చినవాళ్లు సంతకం పెట్టే పుస్తకంలో పేరు రాస్తే ఎస్సీ సర్టిఫికెట్ రద్దవుతుంది.

కాదు. ఈ పుకారు పుట్టించినవాళ్ల మీద నాకు ఒళ్లుమంటే కానీ, భయపడేవాళ్లను తప్పుపట్టను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట ప్రధానంగా హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన దగ్గర బీసీ-సి కిందికి వస్తారు. కాబట్టి మతం మారితే హోదా మారే మాట నిజమే. కానీ మారడమంటే బాప్తిస్మం తీసుకుని ఆ మతాన్ని పాటించడం. పాత కట్టడం చూసి ఫొటో దిగడం మతం మారడం ఎట్లా అవుతుంది? కులం మీద విచారణ చేసేది మీ తహసీల్దార్ ఆఫీసు, అదీ మీ ఊళ్లో. ఊటీలో పెట్టిన సంతకంతో వాళ్లకేం పని? అయినా టెన్షన్ అనిపిస్తే సంతకం పెట్టకండి, ఎవరూ బలవంతం చేయరు. లంబాడా కుటుంబాలూ ఇదే అడుగుతాయి. ఎస్టీ హోదాకైతే అసలు మతం నిబంధనే లేదు.

నాగర్‌కర్నూల్ దగ్గరి తాపీ మేస్త్రీ ఒకాయన, కూతురు గ్రూప్స్‌కు చదువుతోంది. "అన్నా, ఫొటోల సిలువ పడితే బిడ్డ నౌకరికి అడ్డమొస్తదంట గదా" అన్నాడు. ఎవరన్నారంటే వాట్సాప్‌లో వచ్చిందట. "మెదక్ చర్చి చూసొచ్చినోళ్లల్ల ఎవరి సర్టిఫికెట్ పోయిందో ఒక్కరిని చూపియ్" అన్నాను. మేం వాదించుకునేలోపే ఆ అమ్మాయి లోపలికి వెళ్లిపోయింది. వెనకే వచ్చిన మేస్త్రీ పైనున్న దూలాన్ని చూసి అక్కడే ఆగిపోయాడు. ఆ తర్వాత ఆయన్ని బయటికి తేవడమే కష్టమైంది.

ఆ దూలం వల్లే ఇంకో అపోహ: చర్చి టిప్పు సుల్తాన్ కట్టించాడని. టిప్పు 1799లోనే చనిపోయాడు. చర్చికి పునాది వేసింది 1829 ఏప్రిల్ 23న, మద్రాసు గవర్నర్ లషింగ్టన్ హయాంలో. 1830 నవంబరు 5న ప్రతిష్ఠ జరిగింది. టిప్పుదల్లా కలపే. శ్రీరంగపట్నంలోని అతని ప్యాలెస్ నుంచి ఆ పెద్ద దూలాన్ని 120 కిలోమీటర్ల దూరం ఏనుగులతో లాగించి కొండెక్కించారు.

ఎప్పుడైనా వెళ్లొచ్చనుకోవద్దు. ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది, అది తిరిగి చూసే సమయం కాదు. ప్రభువు బల్ల అంటే క్రైస్తవులు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. అక్కడ ప్రసాదం అనుకుని వరసలో నిలబడకండి.

వెనక సమాధులున్నాయి, మైల తగులుతుందా అని పెద్దవాళ్లు అడుగుతారు. అటు వెళ్లకుండానే చర్చి చూడొచ్చు. వెళ్లి, తలస్నానం చేయాల్సిందే అనుకుంటే వేడినీళ్ల సంగతి లాడ్జిలో ముందే అడిగిపెట్టుకోండి. కొన్నిచోట్ల పొద్దున తప్ప ఇవ్వరు.