ఎక్స్‌రేలో వైరస్ ఎక్కడుంది?

పిల్లలూ,

మీలో ఒక అమ్మాయి నాకు ఇలా రాసింది: "తాతయ్యా, మా అమ్మమ్మకు వైరస్ వల్ల న్యుమోనియా వచ్చిందని డాక్టరు గారు చెప్పారు. ఆమె ఛాతీ ఎక్స్‌రేను కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి ఎంతసేపు చూసినా నాకు వైరస్ కనిపించలేదు. అది ఎక్కడ ఉంటుంది?"

ఎంత మంచి ప్రశ్న! ఎక్స్‌రేను కవరులోంచి తీయకుండానే డాక్టరు చేతికిచ్చేసే పెద్దలు చాలామంది ఉన్నారు. ఈ అమ్మాయి తీసింది, వెలుతురుకు పట్టింది, వెతికింది. అందుకే ఈ ఉత్తరమంతా ఆమె ప్రశ్నకే.

జవాబు ముందే చెప్పేస్తాను. వైరస్ ఆ బొమ్మలో లేదు, ఉండదు కూడా. ఫ్లూ జ్వరం తెచ్చే ఇన్‌ఫ్లూయెంజా వైరస్ అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. ఎక్స్‌రే బొమ్మలో పోల్చుకోగలిగే అతి చిన్న చుక్క కూడా అంతకు వెయ్యి రెట్లయినా పెద్దది. మరి డాక్టరు గారు ఏం చూసి న్యుమోనియా అన్నారు? నీడను చూసి.

నా చిన్నప్పుడు మా అక్క నోటు పుస్తకాలకు నీలం కాగితంతో అట్టలు వేసుకునేది. ఒక వేసవిలో అలాంటి పుస్తకం ఒకటి కిటికీ గట్టు మీద ఎండలో ఉండిపోయింది. దాని మీద ఒక కత్తెర. సెలవులయ్యాక కత్తెర తీసి చూస్తే అట్టంతా వెలిసిపోయి ఉంది. కత్తెర ఉన్న మేర మాత్రం, వేళ్లు పెట్టే రెండు కన్నాలతో సహా, చిక్కని నీలం ముద్ర. ఆ రోజు నుంచి ఆ కిటికీ గట్టు నాదే అయిపోయింది. కొత్త కాగితం పరిచి ఏది దొరికితే అది పెట్టేవాణ్ణి. తాళంచెవి ఎండను బొత్తిగా రానివ్వలేదు, దాని ముద్ర చిక్కగా పడింది. ఎండుటాకు కొంత వెలుతురును వదిలింది, దాని ముద్ర లేతగా వచ్చింది. అన్నిటికన్నా నాకు నచ్చింది పక్షి ఈక. నడిమి కాడ సన్నని గీతలా నిలిచింది. అటూ ఇటూ నూగు ఉన్న చోట ఉందా లేదా అన్నంత పల్చని నీడ.

ఎక్స్‌రే బొమ్మ కూడా అలాంటి ముద్రే. ఎండకు బదులు ఎక్స్ కిరణాలు, నీలం కాగితానికి బదులు ఫిల్మో, కంప్యూటర్‌కు కలిపిన పలకో. నా కాగితానికి వారాలు పట్టింది, దీనికి సెకనులో చిన్న వంతు చాలు. రంగులు మాత్రం నా కాగితానికి తలకిందులు: కిరణాలు దూసుకువచ్చిన చోట నలుపు, ఆగిపోయిన చోట తెలుపు. ఎముకల్లో కాల్షియం ఉంటుంది కాబట్టి అవి నా తాళంచెవి. గుండె నిండా రక్తం, అదీ తెల్లగానే పడుతుంది. ఊపిరితిత్తి నా ఈక. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 30 కోట్లకు పైగా వాయుగోణులు, అంటే బుల్లి గాలి సంచులు, ఉంటాయి, వాటి నిండా గాలి. గాలి కిరణాలను ఆపలేదు, అందుకే ఊపిరితిత్తులు నల్లగా కనిపిస్తాయి. వాటిలో పాకే రక్తనాళాలు ఈక కాడలా సన్నని తెల్లని గీతలు.

ఇప్పుడు ఆ ఈక తడిసిందనుకోండి. నూగు ముద్దకట్టి, వెలుతురు దూరే సందు పోతుంది. వైరస్ చేసేది అదే. వాయుగోణుల గోడలు వాస్తాయి, లోపల నీరు ఊరుతుంది, గాలి ఉండవలసిన చోట తడి చేరుతుంది. నల్లని చోట తెల్లని మసక పడుతుంది. వైరస్ వల్ల వచ్చిన న్యుమోనియాలో ఈ మసక సాధారణంగా రెండు ఊపిరితిత్తుల్లోనూ, అక్కడక్కడ, పల్చగా ఉంటుంది. బ్యాక్టీరియా వల్ల వస్తే చాలాసార్లు ఒకే భాగం గట్టిగా తెల్లబడుతుంది. అయితే ఇది తప్పనిసరి నియమమని మాత్రం అనుకోకండి. రెండూ ఒకదానిలా మరొకటి కనిపించవచ్చు. ఫ్లూ తగ్గుతుండగా దాని వెనకే బ్యాక్టీరియా చొరబడటం కూడా ఉంది. ఈక తడిసిందని ముద్ర చెబుతుంది, ఏ నీళ్లతో తడిసిందో చెప్పలేదు. అందుకే ముక్కులోంచి పుల్లతో నమూనా తీసి పరీక్షకు పంపుతారు. ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వి (ఊపిరితిత్తులకు సోకే మరో వైరస్) వంటి వైరస్‌ల పేరు పట్టుకునేది ఆ పరీక్షే. పేరు తెలియడం ముఖ్యం, ఎందుకంటే యాంటీబయాటిక్ మందులు వైరస్ మీద పనిచేయవు.

ఈ కిరణాలను కనిపెట్టిన ఆయన గురించి కాస్త చెప్పనివ్వండి. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ చీకటి గదిలో విద్యుత్ గొట్టంతో ప్రయోగం చేస్తున్నారు. గొట్టం చుట్టూ నల్లని అట్ట కప్పి ఉన్నా, కొంచెం దూరంలో ఉన్న రసాయనం పూసిన తెర మెరిసింది. ఆ మెరుపు వెంట వారాల తరబడి పడ్డారు. డిసెంబరు 22న భార్య చేతిని బొమ్మ తీస్తే వేళ్ల ఎముకలూ, వాటి మీద ఉంగరమూ కనిపించాయి! 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనదే. అయినా ఆయన పేటెంటు తీసుకోలేదు, బహుమతి సొమ్మును విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. తెలుసుకున్నది అందరికీ చెందాలని బతికిన మనుషులను గుర్తుంచుకోండి.

మళ్లీ అమ్మమ్మ దగ్గరికి వద్దాం. పెద్దవయసువారి ఎక్స్‌రే చదవడం చాలా కష్టమైన పని. మామూలుగా ఛాతీని పలకకు ఆనించి నిలబెడతారు, నడుము మీద చేతులు పెట్టించి భుజాలు ముందుకు తోయిస్తారు. రెక్క ఎముకల నీడ ఊపిరితిత్తుల మీద పడకూడదని ఆ ఏర్పాటు. సుమారు ఆరడుగుల దూరంలో వీపు వైపు నుంచి కిరణాలు వస్తాయి. "గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి" అంటారు. నీరసించిన అమ్మమ్మ నిలబడలేకపోవచ్చు, ఊపిరి నిండా పీల్చలేకపోవచ్చు. అప్పుడు యంత్రాన్నే మంచం దగ్గరికి తెచ్చి ముందు వైపు నుంచి తీస్తారు. అలా తీస్తే గుండె ఉన్నదానికన్నా పెద్దదిగా పడుతుంది. ఊపిరి చాలక ఊపిరితిత్తుల అడుగు భాగాలు నొక్కుకుపోయి, జబ్బు లేకపోయినా తెల్లగా కనిపించవచ్చు. దానికి తోడు ఎప్పుడో వచ్చి తగ్గిన క్షయ మచ్చలు ఉండవచ్చు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో చేరిన నీరూ తెల్లగానే ఉంటుంది.

అందుకే డాక్టరు గారు "పాత ఎక్స్‌రే ఉందా?" అని అడుగుతారు. నిరుడు లేని మసక ఈ ఏడు కనబడితే అది కొత్తది. నిరుడూ అలాగే ఉంటే పాత మచ్చ కావచ్చు. పాత ఫిల్ములను మడవకుండా, తేదీ కనబడేలా దాచడం మీరు చేయగలిగిన పని. జబ్బు మొదలైన తొలి రోజుల్లో ఎక్స్‌రే శుభ్రంగా ఉండవచ్చు. ఒంట్లో నెమ్మదించాక కూడా మసక వారాల తరబడి ఉండిపోవచ్చు, పెద్దవారిలో మరీ నెమ్మదిగా పోతుంది. కాబట్టి మొదటి బొమ్మ బాగుందని నిశ్చింతగా ఉండకూడదు, చివరి బొమ్మ చూసి బెంగపడకూడదు. కిరణాల గురించి భయం కూడా వద్దు. ఒక ఛాతీ ఎక్స్‌రేతో ఒంటికి తగిలేవి, నేల నుంచీ ఆకాశం నుంచీ కొద్ది రోజుల్లో మన మీద సహజంగా పడేవాటంతే.

ఇంకో సంగతి, నాకు మనసుకు దగ్గరైనది. పెద్దవారికి న్యుమోనియా వచ్చినా ఒక్కోసారి జ్వరం ఉండదు, దగ్గూ అంతంతమాత్రమే. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ తికమకపడతారు, అన్నం వద్దంటారు, నడుస్తూ పడిపోతారు. "వయసు మీద పడింది" అని ఇంట్లో సరిపెట్టుకుంటారు. మీరు సరిపెట్టుకోకండి. రోజూ వాళ్ల పక్కన కూర్చునేది మీరే. తేడా మొదట తెలిసేది మీకే.

ఆ ఎక్స్‌రేను మరోసారి వెలుతురుకు పట్టి చూడండి. అమ్మమ్మ మీకు ఎదురుగా నిలబడినట్టు లెక్క, కాబట్టి గుండె మొన మీ కుడి చేతి వైపు ఉంటుంది. ఆ తర్వాత ఫిల్మును పక్కన పెట్టి అమ్మమ్మ దగ్గరికి వెళ్లండి. ఆమె ఊరికే కూర్చున్నప్పుడు గడియారం చూస్తూ, ఛాతీ ఎన్నిసార్లు లేచి పడుతుందో నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. మామూలుగా 12 నుంచి 20 దాకా ఉంటుంది. 30కి చేరితే అమ్మకో నాన్నకో వెంటనే చెప్పండి, ఆసుపత్రికి బయలుదేరవలసిందే. లెక్కపెడుతున్నట్టు మాత్రం ఆమెకు చెప్పకండి. చెబితే ఊపిరి తీరు మారిపోతుంది.

ప్రేమతో,
మీ తాతయ్య