మీ ఆయన వ్యవసాయం చేస్తారా అండీ? కోనసీమ చేల గురించి అపోహలు, వాస్తవాలు

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. వరి వేసే పల్లం మూడెకరాలు, కొబ్బరి ఉన్న మెరక ఎకరం పైచిలుకు. 1979లో కోడలిగా వచ్చినప్పటి నుంచీ చేను నాదే, అంటే పని నాది, భూమి పాస్‌బుక్కు మా ఆయనది. ఆయన బడిపంతులు. పండక్కి వచ్చిన చుట్టాలకి చూపించడానికి తప్ప గట్టు ఎక్కింది తక్కువే. అయినా ఊళ్ళో "మాస్టారి చేను" అనే అంటారు.

అపోహ: వ్యవసాయం మగవాళ్ళది, ఆడవాళ్ళు సాయం చేస్తారు.

దమ్ము చేసే ట్రాక్టర్ తోలింది మగవాడే, ఒప్పుకుంటాను. మిగతాది చూడండి. విత్తనం నానబోసి మొలకెత్తడానికి మండె కట్టడం, నారు తీయడం, ఊడుపు, కలుపు, అపరాలు ఏరడం, వడ్లు ఆరబోసి తిరగెయ్యడం, అన్నీ ఆడవాళ్ళవే. పోనీ ఆలోచన మగవాళ్ళదా అంటే అదీ కాదు. ఏ మడిలో ఏ విత్తనం, ఎప్పుడు కొయ్యాలి, ఎంతకి అమ్మాలి అన్నది మా ఇంట్లో మా అత్తగారు, ఆవిడ తర్వాత నేను చూశాం. ఆవిడకి సంతకం రాదు. గింజ పంటి కింద కొరికి, టక్కుమంటే కుప్ప వెయ్యండి, మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి అనేవారు.

అపోహ: డెల్టా రైతుకి నీళ్ళ బాధ ఉండదు.

ఇది మెట్టవాళ్ళు మమ్మల్ని దెప్పే మాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాటన్ దొర పుణ్యమా అని అన్నం తింటున్నాం, నిజమే. కానీ సార్వాలో, అంటే వానాకాలం పంటలో, మా బాధ నీళ్ళు రాక కాదు, పోక! ఊడ్చిన పది రోజులకి వాన పట్టుకుంటుంది, గోదావరికి వరదొస్తుంది, మురుగు కాలవ నిండా గుర్రపుడెక్క, అవతల సముద్రం పోటు మీదుంటే మురుగు దిగదు, నాటిన పిలక ములిగి కుళ్ళిపోతుంది, మళ్ళీ నారు కోసం ఊళ్ళు పట్టుకు తిరగాలి. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా క్రాప్ హాలిడే పెట్టింది ధర ఒక్కటీ గిట్టకే అనుకుంటారు చాలామంది, ఈ ములక కూడా అందులో ఉంది. దాళ్వాకి, అంటే ఆ తర్వాత వేసే రెండో పంటకి, వచ్చేసరికి కథ తిరగబడుతుంది. కాలవకి వంతులు పెడతారు, శివారు చేనుకి నీళ్ళు అందవు. రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని చేలకి నీళ్ళు తెచ్చే బోదె వెంట నడిస్తే పైచేను వాళ్ళు అడ్డకట్ట వేసుకుని ఉంటారు. ఆడమనిషి రాత్రిపూట చేలోకి వెళ్ళకూడదంటారు గానీ, ఆ అడ్డకట్ట పగలు ఉండదు కదండీ.

అపోహ: మడి నిండా నీళ్ళు, చేతి నిండా యూరియా ఉంటే పంట విరగకాస్తుంది.

ఈ మాట నమ్మి నేనూ మునిగాను, అందుకని కాస్త వివరంగా చెప్తాను. ఊడ్చాక దుబ్బు కట్టేదాకా రెండు మూడు సెంటీమీటర్ల నీరు చాలు, లోతుగా నిలిపితే పిలకలు తగ్గుతాయి. యూరియా ఎక్కువేస్తే చేను నల్లగా, గుబురుగా కమ్ముకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, వరిని పీల్చే సుడిదోమ పురుగుకి కూడా. అది దుబ్బు మొదట్లో నీటికి పైన కూర్చుని రసం పీలుస్తుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, ఒకరోజు పొద్దున్న చేను మధ్యలో గుండ్రంగా ఎండిపోయి కనపడుతుంది. ఒక ఏడాది నాకు అలాగే అయింది. పురుగుమందుల కొట్టుకి వెళ్తే కొట్టాయన "అయ్యగారిని పంపండమ్మా, మీకు చెప్తే అర్థం కాదు" అని, నేను కదలకపోయేసరికి రెండు రకాల పురుగుమందులు చేతిలో పెట్టాడు. రెండుసార్లు కొట్టించాను, దోమ ఇంకా పెరిగింది. దోమని తినే సాలీళ్ళు ముందు చచ్చిపోయాయి మరి! ఆ తర్వాత మారుటేరు వరి పరిశోధన కేంద్రానికి వెళ్ళి అడిగి వచ్చాను. అప్పట్నుంచి ఊడుపులోనే ప్రతి రెండు మీటర్లకి ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తీయిస్తున్నాను. కూలీలు "చోటు వేస్ట్ అమ్మగారూ" అని గొణుగుతారు, గొణగనీ. గాలీ వెలుతురూ మొదళ్ళకి తగలాలి, దోమ కనపడగానే నీరు తీసెయ్యాలి, మందు అవసరమైతే దుబ్బు మొదట్లో పడేలా కొట్టాలి.

అపోహ: కోత మిషన్ వచ్చాక అంతా సులువు.

కోత సులువు. ఆరబెట్టడం మా నెత్తిన పడింది. వెనక పనలు చేలోనే ఆరేవి, మిషన్ పచ్చి గింజ పోస్తుంది, కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు. అందుకే నవంబరులో పుంత రోడ్ల మీద కాళ్ళతో వడ్లు తిరగేసే ఆడవాళ్ళు కనిపిస్తారు, మబ్బు పట్టిందంటే టెన్షనే. కొయ్యకముందే పడిపోయి కంకి మీద మొలకొచ్చేలా ఉంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కొట్టించండి, మొలక ఆగుతుంది.

అపోహ: కొబ్బరి చెట్టు పాతి వదిలేస్తే చాలు, ఇంట్లో కూర్చుని తినొచ్చు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను తర్వాత మా మెరకలో నిలబడినవి పదకొండు చెట్లు. మళ్ళీ పాతిన మొక్కలకి ఏడేళ్ళు నీళ్ళు మోశాను, మొవ్వులో కొమ్ముపురుగుని కొక్కెంతో లాగాను. ఇప్పుడు కాయ ఉంది, దింపేవాడు దొరకడం లేదు. ఇంట్లో కూర్చునే తినాలి, చెట్టు వైపు చూస్తూ.

అపోహ: కాగితం ఎవరి పేరున ఉంటే ఏంటి, అంతా ఒకటే కుటుంబం.

అందరికంటే నేనే గట్టిగా నమ్మాను దీన్ని. మా ఆయన పోయాక పాస్‌బుక్కు నా పేరుకి మారడానికి రెండేళ్ళు తిరిగాను, ఆ రెండేళ్ళూ చేను నేనే చేస్తున్నా లోను పుట్టలేదు, పంట పోయినప్పుడు వచ్చిన పరిహారం ఆయన ఖాతా పేరున ఆగిపోయింది. పుట్టింటి సంగతి ఇంకోలా ఉంది. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని 1986లో మన రాష్ట్రం చట్టం తెస్తే, అప్పటికే పెళ్ళయినవాళ్ళకి అది వర్తించదన్నారు. 2005లో కేంద్రం పెళ్ళయినవాళ్ళకీ ఇచ్చింది, కానీ 2004 డిసెంబరు 20కి ముందే జరిగిన పంపకాలు చెల్లుతాయి. మా అన్నయ్యలు 1998లోనే పంచేసుకుని రిజిస్టర్ చేయించుకున్నారు. మంచివాళ్ళే, సంక్రాంతికి చీర పెడతారు.

కాబట్టి చేలో దిగే అమ్మాయిలూ, మీ ఆయన ఉండగానే ఒక ఎకరమైనా మీ పేరు మీద రాయించుకోండి, మొహమాటపడకండి. ఈ-పంట నమోదప్పుడు, అంటే ఏ చేలో ఏ పంట ఉందో ప్రభుత్వం వాళ్ళు వచ్చి రాసుకునేటప్పుడు, మీరే ఎదురుగా నిలబడి, ఏ మడిలో ఏం వేశారో మీ నోటితో చెప్పండి. మొన్న సార్వాకి వచ్చిన కుర్రాడు నన్ను చూసి "రైతు లేరా అండీ?" అన్నాడు. చెప్పుల నిండా బురదతో ఎదురుగానే ఉన్నాను. రాసుకో బాబూ అన్నాను, స్వర్ణ రకం వరి, రెండెకరాల ఎనభై సెంట్లు.