గొరిల్లా ఆకులు తిని ఎట్లా బతుకుతుంది?

తిరుపతి

అమ్మలుకు, చిన్నోడికి తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరడిగిన ప్రశ్న విని మీ అవ్వ, "ఏనుగు బతకట్లేదా?" అని ఒక్క మాటతో తేల్చేసింది. ఆమె అన్నది నిజమే. కానీ జువాలజీ చెప్పి రిటైరైన వాణ్ణి, నాకు అంతటితో వదలబుద్ధి కాలేదు.

మన శేషాచలం అడవినుంచే మొదలుపెడతాను. ఇక్కడ ప్రైమేట్లు, అంటే కోతులూ గొరిల్లాలూ మనుషులూ చేరే జంతువుల గుంపులోవి, మూడున్నాయి. దేవాంగపిల్లి పేరుకే పిల్లి. తూకం పావుకిలో అటూఇటూ. రాత్రిళ్ళు కొమ్మల మీద మెల్లగా పాకుతూ చీమల్నీ పురుగుల్నీ పట్టి తింటుంది. రెండోది మన మామూలు కోతి, ఆడదైతే నాలుగు కిలోలుంటుంది. పండ్లు, గింజలు, పురుగులు, తిరుమలలో భక్తుల చేతిసంచులు, ఏదీ వదలదు. మూడోది కొండముచ్చు, పది కిలోల చుట్టుపక్కల. అది ఆకులు బాగా తింటుంది. అన్నిటికన్నా చిన్నది వేటాడుతుంటే పెద్దది ఆకులు నములుతోంది, చూశారా?

ఆ కోతి దేవాంగపిల్లికి పదహారు రెట్లు బరువు. అయితే దానికి పదహారు రెట్లు తిండి కావాలా? అక్కర్లేదు, సుమారు ఎనిమిది రెట్లు చాలు. ఎలుక నుంచి ఎద్దు దాకా ఒంట్లో ఖర్చయ్యే శక్తిని పోల్చి 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త ఈ లెక్క తేల్చాడు. (దేవాంగపిల్లి ఈ లెక్కకన్నా కాస్త పొదుపుగానే బతుకుతుంది, అది వేరే సంగతి.) ఒళ్ళు చిన్నదైతే గ్రాముకు అయ్యే ఖర్చు ఎక్కువ, కడుపులో చోటు తక్కువ. అందుకే కొంచెం తిన్నా సత్తువ ఉండే పురుగులు కావాలి. పెద్ద ఒంటికి పురుగులతో గిట్టదు, రోజంతా ఏరినా కడుపు నిండదు. అదే ఆకులైతే ఎక్కడ చూసినా ఉంటాయి. కానీ వాటిలోని నార అరగాలంటే కడుపులో చాలాసేపు పులియాలి, దానికి పెద్ద పొట్ట కావాలి. కొండముచ్చుకైతే కడుపులోనే గదులున్నాయి. మాంసకృత్తుల కోసం అరకిలోకన్నా చిన్నవి పురుగుల మీద, పెద్దవి ఆకుల మీద ఆధారపడతాయని రిచర్డ్ కే అనే అమెరికా శాస్త్రవేత్త ఒక గీత గీశాడు. దేవాంగపిల్లి గీతకు ఇవతల, కొండముచ్చు అవతల.

ఇక దవడల సంగతి. నాకు ఇష్టమైన భాగం ఇదే.

ఒక జంతువు అన్నివైపులా రెండింతలు పెరిగిందనుకోండి. బరువు ఎనిమిదింతలవుతుంది. కండబలం మాత్రం కండ ఎంత మందం ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది కాబట్టి నాలుగింతలే. అంటే ఒంటి బరువుతో పోలిస్తే చిన్న జంతువు కొరుకుడే గట్టిది. కానీ చెట్టు మీది కాయకు ఈ లెక్కలతో పనేముంది? దాని పెంకు దేవాంగపిల్లికీ గొరిల్లాకూ ఒకే గట్టి. గట్టిది నమలాలనుకున్న జంతువు దవడలో ఎక్కడో ఒకచోట అదనంగా పెట్టుబడి పెట్టాల్సిందే.

మీ అవ్వ అడకత్తెరలో వక్కను కీలు దగ్గరికి జరిపి నొక్కుతుంది కదా, దవడలోనూ అంతే. కీలుకు దగ్గరగా ఉన్న పళ్ళకు బలం ఎక్కువ. మూతి పొట్టిగా ఉంటే పళ్ళన్నీ కీలు వైపు జరుగుతాయి. కొండముచ్చు మూతి కోతి మూతికన్నా పొట్టి, కింది దవడ లోతు. దాని దవడపళ్ళకు ఆకు కోయడానికి పదునైన అంచులున్నాయి. కోతికి ముందరి పళ్ళు వెడల్పు, పండు కొరకడానికి. దొరికింది దాచుకోవడానికి బుగ్గల్లో సంచులు కూడా ఉన్నాయి, కొండముచ్చుకు అవి లేవు.

అయితే బలం పెరిగితే నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. రెండూ ఒకేచోట కుదరవు. మగకోతికి పొడుగు కోరలున్నాయి, వాటికోసం నోరు బాగా తెరవాలి. కాబట్టి దాని దవడ తీరంతా తిండి కోసమే అనుకోకండి, కొంత కొట్లాటల కోసం. మిమ్మల్ని చూసి అది నోరు బార్లా తెరిచిందంటే ఆవలింత అనుకుని నవ్వొద్దు. కోరలు చూపించి బెదిరిస్తోందని అర్థం, పక్కకు జరగండి.

ఇప్పుడు మీ గొరిల్లా. మగది నూట అరవై కిలోల చుట్టుపక్కల ఉంటుంది, ఆడది అందులో సగం. ఆకులు, కాడలు, బెరడు గంటల తరబడి నమలాలి. మీ కణత మీద వేలుపెట్టి పళ్ళు బిగించి చూడండి, కదిలేది నమిలే కండే. గొరిల్లా ఒళ్ళు పెరిగినంతగా మెదడు పెరగదు, కాబట్టి పుర్రె డొప్ప కూడా అంత పెరగదు. అంత పెద్ద కండ పట్టుకోవడానికి చోటు చాలదు. అందుకే మగదాని నడినెత్తిన ఎముక గట్టులా లేచి ఉంటుంది. రెండువైపుల కండలూ దాన్నే పట్టుకుంటాయి. ఆడదానికి సాధారణంగా అంత గట్టు ఉండదు. ఇద్దరూ తినేది ఒకే రకం తిండి, తేడా ఒంటి సైజులోనే.

అట్లాగని దవడను చూసి ఒంటిని అంచనా వేస్తే బోల్తా పడతాం. దక్షిణ అమెరికాలో కపుచిన్ అని మూడు కిలోల కోతి ఉంది. మన కోతికన్నా చిన్నదే, కానీ దాంట్లో ఒక రకం మొండి కాయల్ని కొరికి పగలగొడుతుంది. దాని దవడ ఒంటికి మించి బలిసి ఉంటుంది. 1959లో టాంజానియాలోని ఓల్డువాయ్ లోయలో మేరీ లీకీ అనే శాస్త్రవేత్తకు దొరికిన పుర్రె ఇంకా చిత్రం. మనుషులకు దూరపు చుట్టం, ఒళ్ళు మనకన్నా చిన్నది, దవడపళ్ళేమో మనకన్నా చాలా పెద్దవి, నెత్తిన గొరిల్లాకున్నట్టే గట్టు. కాయలు పగలగొట్టే మనిషని పేరు పెట్టేశారు. తీరా 2011లో ఆ జాతి పళ్ళలోని కార్బన్‌ను పరీక్షిస్తే, అవి తిన్నది చాలావరకు గడ్డి, తుంగ లాంటి మొక్కలని తేలింది.

చిన్నోడా, నీ పుస్తకంలో పదడుగుల ఎత్తు కోతి బొమ్మ ఉందన్నావే, అది జైగాంటోపిథెకస్, ఎప్పుడో అంతరించిపోయిన పెద్ద వానరం. దాని మొదటి పన్ను 1935లో హాంకాంగ్‌లో ఒక చైనా మందుల అంగట్లో దొరికింది. అక్కడ దాన్ని డ్రాగన్ పన్నని అమ్ముతున్నారు. ఇప్పటిదాకా దొరికినవన్నీ పళ్ళూ, నాలుగు కింది దవడలే. కాలెముక లేదు, చెయ్యెముక లేదు. కాబట్టి బొమ్మలో దవడ వరకు నమ్ము, మిగతాదంతా గీసినవాళ్ళ అంచనా.

ఉంటాను,
మీ తాత